ఒక్క పేరు

"ఎవడు వాడు? పేరు చెప్పు," అన్నాడు మొగుడు, ఆస్పత్రి మంచం మీదికి వంగి.

ఆమె తల అడ్డంగా ఊపింది. నిమ్ము చేసి ఊపిరితిత్తులు రెండూ పట్టేశాయి. మాస్కులోంచి వచ్చే ఆక్సిజనే ఆమెకు ఆధారం.

"నాకేం తెలియదనుకోకు. నీ రక్తంలో సీడీ ఫోర్ కణాలు బాగా పడిపోయాయని నర్సమ్మ అంటుంటే విన్నాను. మా మేస్త్రీ ఎయిడ్స్‌తో పోయేముందు అతనికీ ఇదే పరీక్ష, ఇదే మాట. నేనైతే ఏ గడపా తొక్కలేదు. మరి నీకెలా వచ్చింది?"

"ఒట్టండీ... నాకెవరూ లేరు."

"అయితే పద, ఇప్పుడే సంతకం పెట్టేసి ఇంటికి తీసుకుపోతాను. అక్కడ ఈ గాలీ ఉండదు, మందూ ఉండదు. పేరు చెప్పావా, వైద్యం ఆగదు. నా పిల్లల తల్లివని ఆ మాత్రం చేస్తాను."

ఎంత దయామయుడో చూడండి. డాక్టరమ్మను ఒక్క మాట అడిగితే తేలిపోయే సంగతి. అడగడానికి మహానుభావుడికి నామోషీ. పెళ్లాన్ని పీక్కుతినడానికి మాత్రం నామోషీ లేదు.

అతను మాస్కును కాస్త పైకెత్తి పట్టుకున్నాడు. ఆమె గిలగిలా కొట్టుకుంది. ఎవరిదో ఒకరి పేరు చెబితే గాని బతకనివ్వడని అర్థమైంది. పరాయివాడి పేరు చెబితే వెళ్లి వాడి తల పగలగొడతాడు. అతను చెయ్యెత్తని మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు, ఎత్తుకుని పెంచిన తమ్ముడు. ఆ పేరు చెబితే అసలు నమ్మడు. నమ్మినా నాలుగు కేకలేసి ఊరుకుంటాడు.

"మీ తమ్ముడు," అంది.

అతను మాస్కు సరిగ్గా పెట్టాడు. దుప్పటి కూడా సర్ది పనికి వెళ్లిపోయాడు. ఎత్తైన మేడల బయటి గోడలకు రంగులేయడం అన్నదమ్ములిద్దరి పని.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చేసరికి అతను మంచం పక్కనే కూర్చుని ఉన్నాడు. పెళ్లాం ఇక ఆగలేక డాక్టరమ్మను అడిగేసింది.

"నాకు ఎయిడ్స్ ఉందా అమ్మా?"

"ఎవరన్నారు? చేరిన రోజే చూశాం, మళ్లీ చూశాం. లేదు. ఇంత గట్టి ఇన్ఫెక్షన్ వస్తే ఆ కణాలు ఎవరికైనా పడిపోవచ్చు. జబ్బు తగ్గేకొద్దీ మెల్లగా పెరుగుతాయి. నన్నడిగితే అప్పుడే చెప్పేదాన్ని కదా," అని డాక్టరమ్మ పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

పెళ్లానికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"విన్నారా? పొద్దున చెప్పింది అబద్ధమండీ. ఊపిరాడక చెప్పాను. మీ తమ్ముడినైతే మీరేమీ చెయ్యరని చెప్పాను. ఒకసారి పిలవండి, కాళ్లు పట్టుకుంటాను."

అతను తన అరచేతులు చూసుకున్నాడు.

"బాగా తిట్టారా? అలిగాడా?"

"తిట్టలేదు," అన్నాడు అతను. "వాడు తాడుకు వేలాడుతూ రంగు వేస్తున్నాడు. పైన ముడి నేనే విప్పేశాను."