డిక్కీ లైటు ఫ్యూజు

తెల్లారేలోగా మా ఇంటి షెడ్డులోని ఈ పాత కారు కదిలి తీరాలి. పిలిపించిన మెకానిక్ కుర్రాడు బ్యాటరీ తీగ విప్పి, మధ్యలో టెస్ట్ బల్బు కలిపాడు. అది వెలిగింది.

“బండి ఆపినా ఏదో బ్యాటరీ కరెంటు తాగేస్తోందక్కా. ఒక్కో ఫ్యూజూ పీకుతూ పోతే దొంగ దొరుకుతాడు. బావగారేరి?”

“ఊరెళ్లారు.”

పన్నెండేళ్లలో ఆయన నన్నెన్నిసార్లు కొట్టారో గుర్తులేదు. నేను మాత్రం నిన్న ఒక్కసారే, చక్రాల పానాతో కొట్టాను. మొదట్నుంచీ నేను పొదుపరిని.

హారన్ ఫ్యూజు పీకినా, రేడియోది పీకినా బల్బు వెలుగుతూనే ఉంది. నాలుగోది పీకగానే ఆరిపోయింది.

“డిక్కీ లైటు! మూత సరిగ్గా పడలేదు. లోపలేం కుక్కారక్కా?”

“పాతబట్టలు.” అబద్ధమేం కాదు, ఆయన ఒంటిమీదవి పాతవే.

నవ్వుతూ ఫ్యూజు మళ్లీ పెట్టాడు. బల్బు వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది, మళ్లీ ఆరింది. షెడ్డులో చిన్న చప్పుడైనా లేదు. మేమిద్దరం బానెట్ దగ్గరే ఉన్నాం.

“దాని స్విచ్చి డిక్కీ లోపల ఉంటుందక్కా,” అన్నాడు గొంతు తగ్గించి. “ఎవరో నొక్కుతున్నారు.”

కడిగి గోడకు తగిలించిన పానా అందుకున్నాను. ఈసారి పొదుపు కుదిరేలా లేదు.