నూకాలమ్మ గొంతు

గొంతు ఆపరేషన్ అయ్యాక నూకాలమ్మ మాట్లాడేది మెడకి కట్టుకున్న పెట్టెతోనే. ఆవిడ పెదాలు కదిపితే పెట్టె పలుకుతుంది. మొదట్లో టకటకా పలికేది. దానంతటదే అప్‌డేట్ అయ్యేలా పెట్టారు కంపెనీ వాళ్లు. అయినప్పుడల్లా ఇంకాస్త నెమ్మదించింది.

ఒకరోజు నీళ్ల ట్యాంకర్ దగ్గర పక్కింటి పైడితల్లి వరస తప్పి బిందె ముందు పెట్టేసింది. నూకాలమ్మ తిట్టిన తిట్టు పెట్టెలోంచి బయటికొచ్చేసరికి ట్యాంకరే వెళ్లిపోయింది.

ఖాళీ బిందె చంకన పెట్టుకుని నేరుగా షకీలా రిపేరు షాపుకెళ్లింది.

షకీలా పెట్టెకి వైరు తగిలించి చూసింది. "అప్‌డేట్లన్నీ దీని నెత్తినెక్కి కూర్చున్నాయి నూకాలత్తా. ప్రతి మాటా మర్యాదగా ఉందా లేదా అని చూసుకుని మరీ పలుకుతోంది. అన్నీ తీసేసి, ఇక రాకుండా ఆపేయొచ్చు. కానీ తర్వాత పాడైతే కంపెనీ వాళ్లు ముట్టుకోరు. నీకు గొంతే ఉండదు. ఏం చెయ్యమంటావ్?"

నూకాలమ్మ వెంటనే పెదాలు కదిపింది. ఇద్దరూ ఎదురుచూశారు. షకీలా టీ తాగడం కూడా అయిపోయింది.

"తీసెయ్," అంది పెట్టె.

మర్నాడు పైడితల్లి మళ్లీ బిందె ముందుకు తోసింది. అది నేలకి ఆనకముందే వీధంతా మోగింది.

"ఎత్తవే నీ బిందె! నీ బాబు కొన్నాడేటే ట్యాంకరు?"

పైడితల్లి ఉలిక్కిపడి బిందె వెనక్కి లాక్కుంది. నూకాలమ్మని ఎగాదిగా చూసింది.

"వచ్చీసిందేటే నీ గొంతు? హమ్మయ్య! ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే తగువాడుకుంటన్నానే!"