గాజు పందిట్లో కప్ప

ఈ ఏడు మా అనంతపురం పల్లెలో చినుకు రాలలేదు. నేను చెబితే గానీ ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. చేలన్నీ గాజు పందిళ్ళ కిందికి పోయాక వాన లేకున్నా టమాటా కాస్తుంది, వేరుశనగకు ఊడలు దిగుతాయి. నా చిన్నప్పుడు ఇలాంటి ఏట మా అమ్మ గంజి నాకు పోసి, తను గిన్నె కడిగిన నీళ్ళు తాగేది.

అయినా బయట వేపచెట్లు ఎండుతున్నాయే! కప్పతల్లి ఆడిద్దామనుకున్నాను. రోకలికి బతికున్న కప్పను కట్టి ఇంటింటా నీళ్ళు పోయిస్తే వాన వస్తుందని మా నమ్మకం. ఊరంతా వెతికితే, మనవరాలు వన్నూరమ్మ పనిచేసే పందిట్లో, మొక్కలకు చుక్కచుక్కగా నీళ్ళిచ్చే తడిగొట్టం కింద ఒక్కటి దొరికింది.

"పంట పండినాక వాన ఎవురికి అవ్వా?"

"పందిరి లేనోళ్ళకమ్మే. చెట్టుకు, పిట్టకు."

"బయట ఎండకు చస్తాది అది!"

"నీళ్ళు పోస్తారు గదా. మాపటికి తెచ్చిస్తా."

ఇంటింటా బిందెలతో పోశారు. మబ్బు మాత్రం పట్టలేదు. సాయంత్రం వన్నూరమ్మ పందిరి ముందు ముడి విప్పి, "పో తల్లీ, వానను పిలుచుకు రా" అని వదిలాను. కప్ప తిన్నగా గాజు తలుపు దగ్గరికి గెంతి, తెరవమన్నట్టు కూర్చుంది.

వన్నూరమ్మ పకపకా నవ్వి తలుపు తీసింది. ఖాళీ బిందె చంకనెత్తుకుని నేనూ కప్ప వెనకే వెళ్ళాను, వేపచెట్టుకు నీళ్ళు తేవడానికి.