వాన చెప్పే ముఖం

మా ఊళ్ళో ఇప్పుడు ప్రతి ఇంటి గోడమీదా ఒక ముఖం కనిపించి వానకబురు చెబుతుంది. "భూలక్ష్మిగారూ, వాన వస్తోంది, మిరపకాయలు తీసేయండి" అని మా పిన్నిని పేరుపెట్టి పిలుస్తుంది. మాటలు కంప్యూటరువి, ఆ ముఖమూ గొంతూ మాత్రం హేమంత్ అనే ఆయనవి. ఆయన ఎక్కడో నగరంలో ఉంటాడు, పిన్నిని ఎన్నడూ చూడలేదు.

"చూశావటే, నా మిరపకాయల మీద ఎంత బెంగో ఆయనకి!" అంటుంది పిన్ని.

ఆయన ఎక్కడికి వెళ్ళినా పిన్ని ఫోనులో వెతికి పట్టుకుంటుంది. రోజంతా మెసేజీలే. మొన్న ఆయన భార్య మా అమ్మకి ఫోను చేసి ఏడ్చింది. ఇల్లు మారినా మీ చెల్లెలు వదలడం లేదు, ఇంకొక్క మెసేజీ వస్తే పోలీసులకి చెబుతాం అంది.

"పిన్నీ, ఆ ముఖం పక్కింటివాళ్ళనీ అలాగే పిలుస్తుంది కదా," అన్నాను.

"లోకం కోసం నటించాలి కదే, పాపం."

నిన్న నేను మా గోడమీద ఆ ముఖం తీసేసి ఒక ముసలమ్మ ముఖం పెట్టాను. సాయంత్రానికి పిన్ని సంచీ సర్దుకుంది.

"ఆయన్ని ఎవరో బంధించారు. వెళ్ళి విడిపించాలి."

గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. ఆయనకి నువ్వెవరో తెలియదని చెప్పాలనుకున్నాను. కానీ వేరేలా అడిగాను.

"పిన్నీ, నాకు భయంగా ఉంది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామా?"

పిన్ని నా చెయ్యి పట్టుకు చూసింది. "ఇలా వణికిపోతున్నావేమే! ముందే చెప్పొద్దూ?"

సంచీ కింద పెట్టి చెప్పులు తొడుక్కుంది.

"ఆయన కాసేపు ఆగుతాడులే. నువ్వు పద."