రేకు ఎర

ఆస్ట్రేలియాలోని బల్లారట్‌లో చలికాలం, ఆ జులై ఉదయం సరస్సు మీది గాలికి జ్ఞానరాజు వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. చలికి చేపలన్నీ అడుక్కి దిగిపోయాయి. వానపాముని గుచ్చితే ఒకటైనా వచ్చేదేమో. అతను మాత్రం మెరిసే రేకు ఎరే వేస్తున్నాడు.

కడుపుతో ఉన్నదాని మొగుడు ఏ ప్రాణమూ తియ్యకూడదని కాకినాడ నుంచి అత్తగారు ఉత్తరం రాసింది. "చర్చికెళ్ళేవాళ్ళకి ఇవన్నీ ఏంటి?" అని నవ్వాడు గానీ, నాలుగు నెలలుగా పట్టిన ప్రతి చేపనీ నీళ్ళలోకే వదిలేస్తున్నాడు. వానపాముదీ ప్రాణమేగా!

భార్య వసంతకుమారి రోడ్డవతలి హాస్పిటల్‌కి చెకప్‌కి వెళ్ళింది. "గంట పడుతుందండీ, ఈలోగా మీరు ఫిషింగ్ చేసుకోండి," అని తనే పంపింది.

ఉన్నట్టుండి గేలపుకర్ర విల్లులా వంగింది. పది నిమిషాలు పెనుగులాడాక ఎర్ర రెక్కల రెడ్‌ఫిన్ ఒడ్డుకొచ్చింది. మూరెడు పొడవుంది. ఇక్కడికొచ్చిన ఆరేళ్ళలో ఇంత పెద్దది అతనికెప్పుడూ పడలేదు.

వెనక అడుగుల చప్పుడైంది. వసంత వస్తోంది. కోటు గుండీలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకుంది. చేప సంబరంలో అతనది చూడలేదు.

"చూశావా! రెండు కేజీలకి తక్కువుండదు. నీకు పులుసు యోగం మాత్రం ఇంకో మూడు నెలలాగాలి," అని నవ్వుతూ కొక్కెం ఊడదీసి, చేపతో నీళ్ళ మీదికి వంగాడు.

వసంత అతని తడి చెయ్యి పట్టుకుంది.

"ఇంక వదలక్కర్లేదండీ," అంది.