పొద వెనక పంతులు

బాతుపిల్లలకు పాట నేర్పడానికి దూరపు అడవి నుంచి ఒక కోయిల వచ్చింది. గొంతు మెచ్చి పిలిపించుకున్న పెద్దబాతు, దాని రూపం చూసి ముఖం చిట్లించింది.

"ఇంత నల్లగా ఉంటావని ఎవరూ చెప్పలేదే! పిల్లలు జడుసుకుంటారయ్యా."

"పాడేది గొంతే కదమ్మా," అంది కోయిల.

"చూసేవాళ్లకు కళ్లుంటాయిగా! నువ్వు పొదలో కూర్చుని పాడు. పొద ముందు మా కొంగగారు నిలబడి ముక్కు ఆడిస్తారు. తెల్లగా, మర్యాదగా ఉంటుంది."

కోయిల అవమానాన్ని దిగమింగింది. పిల్లలకు పాట రావాలన్న పట్టుదలతో వేసవంతా పొదలోంచే గొంతు చించుకుని పాడింది.

పరీక్షనాడు మడుగులోని బాతులన్నీ గట్టుకు చేరాయి. పిల్లలు వరసగా వచ్చి ఒంటికాలి మీద నిలబడ్డాయి. ముక్కులు తెరిచాయి, మూశాయి. ఒక్కదాని గొంతులోంచి కూడా పాట రాలేదు.

కోయిల పొదలోంచి బయటికి వచ్చింది. "గురువని ఎవరిని చూపించారో ఆయన విద్యే అబ్బిందమ్మా. ఇక నేను వెళ్తాను."

పెద్దబాతు ఆ మాట వినిపించుకోలేదు. "పాటదేముంది! అచ్చం కొంగగారిలాగే ఎంత దర్జాగా నిలబడ్డారో చూడండి!" అంటూ రెక్కలు చరిచింది.

మరుసటి ఏడాదికి కూడా కొంగ కొలువు ఖాయమైంది.