గోటికి తగిలిన అంచు

నాలుగో తూటా దగ్గర పిస్తోలు మళ్లీ ఇరుక్కుంది.

ఖుత్బుద్దీన్ దాన్ని బల్ల మీద పెట్టి తల పట్టుకున్నాడు. ఖతర్‌లో అల్ షహానియా ఊరు దాటాక ఎడారి అంచున ఉన్న ఆ ప్రైవేటు షూటింగ్ క్లబ్బులో ఆయుధాలు చూసుకునే మిస్త్రీ అతను. హైదరాబాద్ మనిషి. చమురు డబ్బుతో దోహాలో రోజుకో మేడ లేస్తున్న కాలమది. క్లబ్బు యజమాని షేక్‌కు ఫ్యాక్టరీ తూటాలు నచ్చవు. కాల్చిన ఇత్తడి డొల్లల్లో మళ్లీ మందు నింపి, కొత్త గుండు కూర్చినవే కావాలి. వాటిని తయారుచేసేది ఖుత్బుద్దీనే.

"నిన్న షేక్ చేతిలనే ఇరుక్కుంది బుచ్చన్నా. ఇవాళ నాలుగు గంటలకు మెహమాన్లను తీసుకొని వస్తుండు. వాళ్ల ముందట గూడ ఇట్లనే అయితే రేపే నన్ను ఇంటికి పంపిస్తడు."

చాయ్ తెచ్చిన బుచ్చన్న గ్లాసు బల్ల మీద పెట్టి, చీపురు అందుకున్నాడు.

ఖుత్బుద్దీన్ చేయని ప్రయత్నం లేదు. మ్యాగజైన్ మార్చాడు. స్ప్రింగు మార్చాడు. లోపలంతా తుడిచి నూనె వేశాడు. ఫ్యాక్టరీ తూటాలు పెడితే నీళ్లలా పోతున్నాయి. అంటే పిస్తోలులో లోపం లేదు. తూటాలు పొడుగయ్యాయేమోనని వాటిని పొట్టి చేశాడు. అయినా అంతే.

లోపమేమిటో బుచ్చన్నకు నిన్ననే తెలుసు.

ఖతర్ వచ్చి పన్నెండేళ్లయింది. వాళ్ల జిల్లాలో ఎందరికో పాస్‌పోర్టు పోలీసు విచారణ దగ్గరే ఆగిపోయిన రోజుల్లో, అతనికి మాత్రం నెల తిరక్కుండా చేతికొచ్చింది. అదృష్టవంతుడన్నారు. వచ్చిన నాటి నుంచి ఊడ్చడం, చాయ్ పెట్టడం తప్ప తనకేదీ రాదనే చెప్పుకున్నాడు. ఊడుస్తున్నప్పుడు డొల్ల చేతికి తగిలితే నిప్పు ముట్టుకున్నట్టు డబ్బాలో పడేస్తాడు. ఇప్పుడు నోరు విప్పితే, నీకెట్ల తెలుసని అడుగుతారు.

"జలంధర్! ఇటు రా. జర గట్టిగ పట్టుకో" అని ఖుత్బుద్దీన్ కేకేశాడు.

జలంధర్ గురి బోర్డులు నిలబెట్టే పనివాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఎందరి కాళ్లో పట్టుకుని వీసా ఇప్పించి, అతన్ని ఇక్కడికి రప్పించింది బుచ్చన్నే. దోహా శివారు ముఐథర్‌లో ఇద్దరిదీ ఒకటే గది. కూరలో మంచి ముక్కలన్నీ జలంధర్ పళ్లెంలో పడతాయి. అతనికి జ్వరమొస్తే బుచ్చన్న డ్యూటీ మానేస్తాడు. వాడు నీకేమవుతాడని ఎవరైనా అడిగితే, ఏమీ కాడంటాడు.

జలంధర్ పిస్తోలును రెండు చేతులతో పట్టుకుని దాని మీదికి వంగాడు. తూటా సగంలో ఆగి ఉంది. ఖుత్బుద్దీన్ చెక్క సుత్తి ఎత్తాడు.

చీపురు కిందపడింది.

"కొట్టకు భాయ్! లోపలున్నది పేల్తది!"

బుచ్చన్న ఒక్క అంగలో వచ్చి పిస్తోలు లాక్కున్నాడు. మూతిని ఇసుక దిబ్బ వైపు తిప్పి, మ్యాగజైన్ తీసి, ఇరుక్కున్న తూటాను మెల్లగా బయటికి లాగాడు. చూడకుండానే పిస్తోలు విప్పి గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. అందులో ఫ్యాక్టరీ తూటా వేశాడు. టక్కుమని లోపలికి దిగింది. వంచితే జారి అరచేతిలో పడింది. తర్వాత ఖుత్బుద్దీన్ నింపినది వేశాడు. వెంట్రుకవాసి పైనే ఆగింది. వంచినా పడలేదు.

"పొడుగుల తప్పు లేదు భాయ్. డొల్ల మూతిల ఉంది. గోరు పెట్టి చూడు."

ఖుత్బుద్దీన్ గోరు ఇత్తడి మీద జారుతూ జారుతూ అంచు దగ్గర తట్టుకుంది.

"గుండు కూర్చెటందుకు మూతిని జర ఇప్పుతం. కూర్చినంక మళ్ల సాపు జెయ్యాలె. నీ మిషన్ల ఆ సాపు జేసే అచ్చు లూజయింది."

నిజమే. నట్టు ఒక చుట్టు వదులైంది. బిగించి కొత్తగా ఇరవై తూటాలు నింపారు. ఇరవయ్యీ ఆగకుండా పోయాయి.

ఖుత్బుద్దీన్ బుచ్చన్నను గట్టిగా కావలించుకున్నాడు.

"నా నౌకరీ నిలబెట్టినవ్. ఈ పని నీకెక్కడిది?"

మోటార్లు రిపేరు చేసేవాణ్నని చెబుదామనుకున్నాడు బుచ్చన్న. జలంధర్ తననే చూస్తున్నాడు. అబద్ధమాడలేకపోయాడు.

"అడవిల అన్నలతోని ఉంటి. దళానికి తూటాలు నింపేటోణ్ణి."

ఖుత్బుద్దీన్ వాకిలి వైపు ఒకసారి చూశాడు. తర్వాత తూటాల డబ్బా ఎత్తుకున్నాడు.

"నేనేం వినలేదు" అని బయటికి వెళ్లిపోయాడు.

జలంధర్ కదల్లేదు. అతని కళ్లలో నీళ్లు నిండాయి.

"కాకా, నీకెన్నడు చెప్పలె. భయమై చెప్పలె. మా లస్మయ్య అన్న గూడ దళంల ఉండె. వాగు కాడ పోలీసోళ్లు చుట్టుముట్టిన్రట. ఆయన పిస్తోలు గిట్లనే ఇరికిందట. ఒక్క గుండు గూడ పేలలె."

బుచ్చన్న బల్ల అంచు పట్టుకున్నాడు.

"నీది ఏ దళం కాకా?"

"గోదారి అవతల" అన్నాడు బుచ్చన్న.

"గంతే మా రాత. నువ్వు మా అన్న దళంల ఉంటే ఆయన బతుకుతుండె."

జలంధర్ ఆ ముసలి చేతులు రెండూ తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

బుచ్చన్న ఉన్నది ఆ దళంలోనే. పోలీసులకిచ్చిన మాట ప్రకారం, లస్మయ్య తూటాల మూతులను సాపు చేయకుండా వదిలింది అతనే.